సుమారు సాబ్

జడ్చర్ల బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే, మా పాత ఆఫీసులో గుమస్తాగా చేసినాయన కనబడి, పలకరింపైనా పూర్తి చేయకుండానే "సాబ్ పోయిండు మేడం, ఎరుకనా? డెబ్బై ఎనిమిదేండ్లంట" అన్నాడు. ఏడవాల్సిన చోట నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆయన బిత్తరపోయి చూశాడు. ఏమని చెప్పను? డెబ్బై ఎనిమిది అన్న మాట సాబ్ చెవిన పడితే అంతిమయాత్రలో కూడా లేచి కూర్చుని "అంత గట్టిగ ఎట్ల చెప్తున్నవు? దాంట్ల తప్పు ఎంతదాక ఉండొచ్చో అది గుడ చెప్పు" అని అడిగేవాడు.

నిజానికి తన పుట్టిన సంవత్సరం ఆయనకే తెలియదు. సొంతూరు నారాయణపేట. ఇంటి వెనక బావి ఎండిపోయిన ఏడు పుట్టావని వాళ్ళమ్మ చెప్పేదట. ఆ బావి ఎండిన ఏళ్ళు ఒకటా రెండా! బడిలో చేర్చుకున్న పంతులు పిల్లవాడి ఎత్తు చూసి, పళ్ళు చూసి, ఏదో ఒక తేదీ రాసేశాడు. "సర్టిఫికెట్ల ఉన్నది నా వయసు గాదు బేటీ, మా పంతులు అంచనా" అనేవాడు సాబ్. ఉద్యోగ విరమణ రోజున సన్మానం చేస్తూ ఒక పెద్దమనిషి "వీరు యాభై ఎనిమిదేళ్ళు పూర్తి చేసుకున్న సందర్భంగా" అని మొదలుపెడితే, మెడలో పూలదండతోనే లేచి "యాభై ఆరుకూ అరవై ఒకటికీ నడుమ" అని సవరించి మళ్ళీ కూర్చున్నాడు. సభ సభంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఎదురుగా అందరం సాబ్ అనేవాళ్ళం. వెనకాల జిల్లా మొత్తానికీ ఆయన సుమారు సాబ్. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి కోపం రాకపోగా మురిసిపోయేవాడు కూడా.

ఎనభైల నడుమ, స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని నల్గొండ నుంచి వచ్చి మహబూబ్‌నగర్‌లో ఆయన కింద ఉద్యోగంలో చేరాను. మా నాయిన ఊళ్ళోవాళ్ళ చేలల్లో కోతకు పోయి నన్ను చదివించినవాడు. అందువల్ల ఆ పట్టా అంటే నాకు మామూలు గర్వం కాదు. మొదటి రోజు ఆయన దాని వంక కన్నెత్తి చూడలేదు. కుర్చీ చూపించి "నల్గొండ నుంచి ఎంతసేపు పట్టింది బేటీ?" అన్నాడు.

"ఐదు గంటలు సార్."

"ఎప్పుడు వచ్చినా ఐదేనా?"

"మొదటిసారి ఇయ్యాలే గద సార్ వచ్చింది."

"ఒక్కపారి వచ్చి ఐదంటే ఎట్ల? ఇంకో నాలుగుసార్లు పోయి వచ్చినంక చెప్పు" అని తన పనిలో పడిపోయాడు.

ఈ మనిషికి తిక్క అనుకున్నాను. సాయంత్రానికి ఆఫీసులో ఒక్కొక్కరూ వచ్చి "నిన్నేమడిగిండు?" అని వాకబు చేశారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ ఇలాంటి పరీక్ష ఒకటి ఉండేదట. ఎవరూ నెగ్గిన దాఖలా లేదు.

మా పని చెప్పుకోవడానికి చిన్నది, చేయడానికి పెద్దది. ఈ ఏడు జొన్న ఎంత పండిందో సర్కారుకు చెప్పాలి. అన్ని చేలూ కోసి తూచలేం కదా! కొన్ని ఊళ్ళు, ఆ ఊళ్ళలో కొన్ని చేలు, ఆ చేలల్లో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న ఒక్కో చదరం. ఆ చదరంలో పంట కోసి, కంకులు కొట్టి, గింజలు తూచి, ఎవరి గింజలు వాళ్ళకిచ్చేసి, ఆ తూకాలన్నీ కలిపి మండలానికి ఎకరాకు ఇంత అని తేల్చాలి. ఏ ఊరు, ఏ చేను, చేనులో ఏ జాగా అన్నది మనిషి ఎంచకూడదు. అంకెలే ఎంచాలి. అందుకోసం వరుసా వావీ లేకుండా అంకెలు అచ్చేసిన పుస్తకం ఒకటి సాబ్ సంచిలో ఎప్పుడూ ఉండేది. మొదటి అంకె చేను మూల నుంచి పొడవునా ఎన్ని అడుగులు వేయాలో చెబుతుంది, రెండోది అడ్డంగా ఎన్ని వేయాలో. ఎక్కడ ఆగితే అక్కడ మేకు. అక్కడి నుంచి తాడు.

చేరిన కొత్తలో నేను తెలివికి పోయి, కళ్ళు మూసుకుని ఆ పుస్తకం తెరిచి వేలు పెట్టాను. నా చేతిలోంచి పుస్తకం లాక్కున్నంత పని చేశాడు. ఎక్కువసార్లు తెరిచిన పేజీయే మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటుందట, మూసిన కళ్ళతో పెట్టిన వేలు ఎప్పుడూ పేజీ నడుమనే పడుతుందట. "నీ కండ్లు మూసుకున్నయి గని నీ వేలు మూసుకోలేదు" అన్నాడు. ఏ పేజీ, ఏ వరుస అన్నది నియమం ముందే చెబుతుంది, దాన్నే పట్టుకుని పోవాలి. ఆ రోజు నా ఎమ్మెస్సీకి మొదటి దెబ్బ తగిలింది.

ఆయనతో ఊళ్ళు తిరగడం సరదాగా ఉండేది, ఓపిక ఉంటే. బస్సు ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే "ఎనిమిదికీ తొమ్మిదిన్నరకూ నడుమ. వందల తొంభై ఐదు సార్లు" అనేవాడు. అడిగినవాడు తల గోక్కునేవాడు. ఒకసారి పదిన్నరకు గానీ బస్సు రాలేదు. నాకు సంబరంగా "ఇప్పుడేమంటరు సార్?" అన్నాను. "మిగిలిన ఐదుల ఇది ఒకటి" అని తాపీగా బస్సెక్కాడు. ఆయన్ని ఓడించడం ఎవరి తరం? అన్ని వైపులా తలుపులు తీసి పెట్టుకుని కూర్చునేవాడు.

ఇక చాయ్ సంగతి. ఏ హోటల్లోనైనా గ్లాసు చేతికి రాగానే తాగడు. జేబులోంచి చెక్కని పెన్సిలు ఒకటి తీసి, కలిపి, అప్పుడు గుటక వేసేవాడు. చాయ్‌కని వేరే పెన్సిలు, రాతకు వేరే పెన్సిలు. "కలపకుంట రుచి చూసి చక్కెర తక్కువయిందని హోటలోన్ని తిడ్తరు. చక్కెర అడుగున ఉన్నదని వానికి ఎరుక, వీనికి ఎరుకలేదు" అని మాకు పాఠం చెప్పేవాడు. ఊళ్ళో ఎవరింట్లో కూర వడ్డించినా "తల్లీ, గరిటెతోని అడుగుకెళ్లి ఒకసారి తిప్పు" అని బతిమాలేవాడు. ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు గానీ తిప్పేవాళ్ళు.

మా చెల్లెలి పెళ్ళికి చీరలు కొనాలంటే నన్ను నారాయణపేటకు వెంటబెట్టుకుని పోయాడు. దుకాణదారు చీర మీద చీర పరుస్తూ కొంగు చూపిస్తున్నాడు, అంచు చూపిస్తున్నాడు. నేను మురిసిపోయి ఒకటి పక్కన పెట్టాను. సాబ్ ఆ చీర తీసి, మడతలన్నీ విప్పి, ఎక్కడో నడిమిట్లో పట్టుకుని వెలుతురుకు చాపి చూశాడు. అక్కడ పోగు జారి సన్నటి గీత. దుకాణదారు మొహం మాడిపోయింది. "కొంగు చూపియ్యనీకె నేసిందే, అది బాగుండకేం చేస్తది? చూపియ్యని జాగల చూడాలె" అన్నాడు సాబ్. ఆ తర్వాత ఇంకో నాలుగు చీరల్ని అలాగే నడుములు విరిచి, నాకు మూడు కొనిపెట్టాడు. ఇప్పటికీ నేను చీర నడుమ విప్పి చూడకుండా కొనను. బజారులో నాతో వచ్చేవాళ్ళు సిగ్గుపడతారు. పడనీ.

అలాగని ఆయన చేసిందల్లా ఒప్పని కాదు. ఇంట్లో ఏం కూర వండాలని భార్య రోజూ అడుగుతుంటే విసుగొచ్చి, కూరలన్నిటికీ నంబర్లిచ్చి, ఆ అంకెల పుస్తకంతో తేల్చడం మొదలుపెట్టాడట. వరసగా నాలుగు రోజులు వంకాయ పడింది. ఐదో రోజు ఆమె ఆ పుస్తకాన్ని ఎత్తి పెరట్లోకి విసిరేసింది. ఆమెను మేమందరం ఆపా, అంటే అక్క, అనే పిలిచేవాళ్ళం. "నాలుగు దినాలు వంకాయ పెడితే పిల్లలు తింటరా చెప్పు" అని నాతో మొరపెట్టుకుంటుంటే, సాబ్ పక్క గదిలోంచి "అది వంకాయ తప్పు గాదు, నా తప్పు గాదు. అదృష్టం అనేది గట్లనే గుంపులు గుంపులు వస్తది" అని అరిచాడు. "మరి నా చెయ్యి గుడ గట్లనే వస్తది" అంది ఆపా. ఆ ఇంట్లో ఆ పద్ధతి అంతటితో ఆగిపోయింది. పుస్తకం అట్టకు మట్టి మరక మాత్రం చివరిదాకా ఉండేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మనిషిని తలుచుకుంటే నాకు ముందుగా నవ్వులే గుర్తొస్తాయి. ఆ వెనకనే ఆత్మకూర్ దిక్కు ఒక ఊరి చెల్క గుర్తొస్తుంది. అక్కడ మాత్రం నాకూ ఆయనకూ నిజమైన పోట్లాటే జరిగింది.

ఆ ఏడు వానలు మొదట్లో మురిపించి తర్వాత మొహం చాటేశాయి. కృష్ణ అక్కడికి దగ్గరే, కానీ మెట్ట మీది చెల్కలకు ఎంత దగ్గరైనా దూరమే. మండలాన్ని కరువు జాబితాలో చేరిస్తే పశువులకు గడ్డి వస్తుంది, కరువు పనులు తెరుస్తారు. చేర్చకపోతే ఎడ్లున్నవాళ్ళు వాటిని ఏటా జరిగే పశువుల సంతకు తోలుకుపోయి తెగనమ్ముకోవాల్సిందే. చేర్చాలా వద్దా అన్నది చాలావరకు మేం కోసి తూచే చదరాల మీదే ఉంది. ఆ ఊళ్ళో మా పుస్తకం ఎంచిన చేను ఒక అవ్వది. భర్త లేడు, పిల్లలు లేరు. రెండెడ్లున్నాయి, ఒకదానికి కొమ్ము సగం విరిగింది. వాటికి చొప్ప అయిపోయి ఇంటి కప్పు మీది గడ్డి పీకి వేస్తోందని సర్పంచి దారిలోనే చెప్పాడు. కిందటేడూ ఆమె చేనే పడింది. అంకెలకు అలాంటి సరదాలుంటాయి, వంకాయ సంగతి చెప్పాను కదా.

చేను గట్టెక్కి చూసి అందరం నిలబడిపోయాం. చెల్కంతా ఎండి గలగలలాడుతోంది. ఒక మూలన మాత్రం పెళ్ళి పందిరి వేసినంత మేర పచ్చగా, కంకులు బరువుతో వంగి ఉన్నాయి. అవ్వ అక్కడ నిలబడి చేతులూపి పిలుస్తోంది.

"రా సాబూ, రా. నీ జాగా నీకు తయారుగున్నది."

"నా జాగానా?" అన్నాడు సాబ్.

"పోయినేడు గిక్కడనే గదా కోసినవు? సర్కారోల్లు అంత దూరంకెళ్లి వచ్చి ఎండిన జొన్న కోసుకపోతే నాకు ఇజ్జత్ ఉంటదా? రోజూ బాయికాడికెళ్లి బిందెలతోని మోసి పోసిన. నడుములు వడిపోయినయి. చూడు, కంకి చూడు!"

సర్పంచి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం జేసినవే అవ్వా! పంట ఎండిందని చూస్తెనే గదా గడ్డి ఇస్తరు! నీ ఎడ్లకే గడ్డి లేకపాయె!"

"ఎండిన చేను చూపిచ్చి అడుక్కోవాల్నా? ఎడ్లు నాయే, ఇజ్జత్ నాదే. నువ్వు ఊకో."

సాబ్ కొలత మొదలుపెట్టే మూల దగ్గరికి పోయి, పుస్తకం తీసి, అంకెలు చూసుకుని నడక మొదలుపెట్టాడు. ఊరు ఊరంతా ఆయన వెనక నడిచింది. పొడవున నడిచాడు, అడ్డంగా తిరిగాడు, ఆగాడు. మేకు దిగింది, తాడు చాపాం. చదరంలో ముప్పావు వంతు ఎండు జొన్నలో ఉంది. పావు వంతు అవ్వ పచ్చ మూలలోకి చొచ్చుకుపోయింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"సాబ్, జర మూడడుగులు గిటు జరుపుండ్రి, ఎండిన దిక్కు. ఎవలకు ఎరుకైతది?" అన్నాడు సర్పంచి.

"జరిపితే నా దిక్కే జరపాలె" అని అవ్వ తాడు పట్టుకుంది. "అంత నీళ్ళు మోసిన. పావు వంతు కోస్తే ఎట్ల సాబూ? జర న్యాయం ఉండాలె."

సర్పంచి అటు నుంచి, అవ్వ ఇటు నుంచి. మధ్యలో సాబ్ తన గొడుగును మేకు పక్కన నేలలోకి గుచ్చి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఎండలో గొడుగు విప్పుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

నేను పక్కకు పిలిచాను. "సార్, మూడడుగులే గద. బిందెలతోని నీళ్ళు పోసి ఎవరన్న జొన్న పండిస్తరా? ఆ పచ్చది అసలు పంటనే గాదు. దాన్ని లెక్కల కలిపితే లెక్కకే తప్పు. ఆ ఎడ్లు సంతకు పోతయి సార్."

ఆయన నా మాట కొట్టిపారేయలేదు. అది నేనెప్పటికీ మరిచిపోను. "నువ్వు చెప్పేదాంట్ల సంగతున్నది" అన్నాడు. కాసేపు గడ్డం గీరుకున్నాడు. "కాని విను బేటీ. తప్పులు రెండు తీర్లు. అటూ ఇటూ ఊగే తప్పు ఒకటి. ఒకపారి ఎక్కువ చూపిస్తది, ఒకపారి తక్కువ. చదరాలు పెరిగినకొద్దీ అది సల్లబడ్తది. రెండోది ఎప్పుడూ ఒక్క దిక్కే గుంజుతది, మోసం చేసే షావుకారి కాంటా తీరు. దాంట్ల నువ్వు వంద మార్లు తూచినా మోసం పోదు, ఇంకా పక్కా అయితది. ఇయ్యాల నేను జాలితోని మూడడుగులు జరుపుత. రేపు ఇంకో ఊర్ల ఇంకో ముసలామె కనబడ్తది. మళ్ల జాలి పడ్త. జాలి ఎప్పుడూ ఒక్క దిక్కే గుంజుతది."

"అయితే అవ్వ పోసిన నీళ్ళు ఏ దిక్కు గుంజుతయి సార్?"

"అవ్వ తీరు మనిషి జిల్లా మొత్తంల ఇంకొకతె ఉన్నదా? ఉంటే చూపియ్యి, అప్పుడు ఫికర్ చేద్దాం."

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. నేను పెరిగిన ఇంట్లో ఒక ఎద్దు అమ్ముడుపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు, ఆయన కంటే బాగా తెలుసు. "మీకు మనుషులు కాదు సార్, మేకులు ముఖ్యం" అన్నాను. చాలా పెద్ద మాట. ఆయన మొహం చిన్నబోయింది. అయినా గొడుగు కదలలేదు.

కోశాం, కొట్టాం, తూర్పారబట్టాం. తూచేటప్పుడు చూడాలి తమాషా. సర్పంచి కాంటా పైకి లేవాలని దండం పెట్టుకుంటున్నాడు, అవ్వ కిందికి దిగాలని. ఎండిన చదరాల్లో పిడికెడు గింజలు రావడమే గొప్పగా ఉన్న ఆ ఏడు, అక్కడ తూకం ఎబ్బెట్టుగా ఎక్కువే వచ్చింది. సర్పంచికి అది చాలా ఎక్కువ. అవ్వకు చాలా తక్కువ. "గంత మోసిన నీళ్ళకు గిదేనా?" అని అవ్వ అలిగి కూర్చుంది. సాబ్ తూకం పక్కన, ఈ మూలకు బిందెలతో నీళ్ళు పోశారు అని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాడు.

తిరుగు బస్సులో నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. మహబూబ్‌నగర్‌లో దిగాక ఆయన రెండు చాయ్‌లు చెప్పి, నా గ్లాసు కూడా తన పెన్సిలుతోనే కలిపి నా ముందు పెట్టాడు. తాగేసి, ఆయన కంటే ముందే లేచి వెళ్ళిపోయాను.

కొన్ని వారాలకు హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. కోస్తా మనిషి, కళ్ళద్దాలు, మితభాషి. వేరే చోట్ల నుంచి వచ్చిన తూకాలు ఆయన అప్పటికే చూసి ఉన్నాడు. వాటిలో అన్ని చేలూ ఒక్కలాగే ఎండాయట, తూకాలన్నీ కవల పిల్లల్లా ఉన్నాయట. "కరువైనా అలా కొలిచినట్టు రాదు కదండీ" అని వాటిని తిప్పి పంపేశాడు. మళ్ళీ పోయి కోయాలి. కోద్దామంటే చేలల్లో అప్పటికి పంట ఎక్కడిది? మావి తీసి చూశాడు. ఒకచోట ఏమీ లేదు, ఒకచోట దోసెడు, ఒకచోట పిడికెడు. చూస్తూ చూస్తూ ఒక తూకం మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఇదేమిటి? ఇంత ఎక్కువెలా వచ్చింది?"

అయిపోయింది, ఎడ్లు సంతకే అనుకున్నాను. సాబ్ లేచి నిలబడి అవ్వ కథ మొత్తం చెప్పాడు. బిందెలు, ఇజ్జత్, మూడడుగుల కోసం అటు ఒకరూ ఇటు ఒకరూ గుంజడం. అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వి, "అయితే మీరు దీన్ని దాచలేదు. అబద్ధం రాయాలనుకున్నవాడు అన్నిటికంటే ముందు దీన్నే దాచేవాడు" అన్నాడు. ఆ ఒక్క తూకం ఉండబట్టి మిగతా తూకాలన్నీ నిజమని ఆయనకు నమ్మకం కుదిరింది. మండలం జాబితాలో చేరింది. సంత ఇంకా కొద్ది రోజులు ఉందనగానే గడ్డి లారీలు దిగాయి.

ఆ రోజు ఆఫీసులో మేం మిఠాయి తెప్పించుకున్నాం. నేను సాబ్ కళ్ళలోకి చూడలేక చూశాను. గెలిచానని అంటాడేమో, అంటే పడదామనే ఉన్నాను. ఆయన జిలేబీ ముక్క నములుతూ "ఇది గుడ అదృష్టమే బేటీ" అన్నాడు. "వేరే అధికారి వచ్చి ఉంటే గదే అంకెను పట్టుకోని గడ్డి అక్కర లేదనేటోడు. మనం చేసింది సరైందా కాదా అన్నది గడ్డి వచ్చిందానితోని తేలదు." గెలిచిన రోజున కూడా గెలిచానని ఒప్పుకోని మనిషిని ఏం చేయాలి చెప్పండి? నాకు ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది. అంతకు రెట్టింపు ప్రేమా పుట్టింది.

మరుసటేడు వానలు దండిగా పడ్డాయి. కోతలప్పుడు మళ్ళీ ఆ ఊరికే పోవాల్సి వచ్చింది. అవ్వ ఊరి మొదట్లోనే ఎదురుపడి మమ్మల్ని పట్టుకుంది.

"సాబూ, ఈయేడు నాతోని పరాచికాలు నడువయి. నీ చిట్టి ఏ మూలకు పడ్తదో ఎవరికెరుక అని, మూల మూలకు కలుపు తీసిన, ఎరువు మోసిన. బండల సందున గుడ ఇడువలే. ఇగ నువ్వు యాడన్న కొయ్యి, నాకు ఫికర్ లేదు."

సాబ్ ఇబ్బందిగా నా వంక చూశాడు. ఆ ఏడు పడింది ఆమె చేను కాదు. వేరే ఎవరిదో.

ఆ మాట చెప్పేసరికి అవ్వకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "ఎండిన ఏడు వచ్చి నిలబడితివి, పండిన ఏడు ముఖం దాచుకుంటవా?" అని దారికి అడ్డంగా కూర్చుంది. సర్పంచి బతిమాలాడు, నేను బతిమాలాను. సాబ్ కాసేపు ఆమెను చూసి, చంకలోని గొడుగు నాకిచ్చి "నడువు అవ్వా" అన్నాడు.

"సార్, నియమం?" అన్నాను. నన్ను ఆయన అలా తయారుచేశాడు మరి.

"ఇది ఆఫీసు లెక్కల రాయం. ఇది అవ్వ కోసం."

అయినా పుస్తకం తీశాడు! పేజీ చూసి, వరుస చూసి, పొడవున నడిచి, అడ్డంగా తిరిగి, గట్టు పక్కన రాళ్ళున్న చోట ఆగాడు. అవ్వ కొంచెం కూడా బెదరలేదు. కోసి, కొట్టి, తూచారు. కట్టేసి ఉన్న రెండెడ్లు, సగం కొమ్ముదీ నిండు కొమ్ములదీ, కొత్త చొప్ప నములుతూ మా వంక చూస్తున్నాయి.

"ఎంత సాబూ?"

"రెండు కిలోల ఏడు వందల గ్రాములు."

అవ్వ కళ్ళు చికిలించింది. ఆయన అలవాటు ఆ ఊరికీ తెలుసు. "సుమారా?"

"కాదవ్వా" అన్నాడు సాబ్. "పక్కా."

ఆయన నోట ఆ మాట నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. అవ్వ ఆ గింజలు కొంగులో పోసుకుని, మూట కట్టి, ఆయన ముందుకు చాపింది. ఊళ్ళల్లో పిడికెడు గింజలైనా ముట్టని మనిషి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తీసుకో. ఎడ్లు ఉన్నయంటే నీ పున్నెం."

"గట్ల ఒక్కని పేరు చెప్పొద్దవ్వా" అని మొదలుపెట్టాడు ఆయన. "వచ్చిన అధికారి మంచోడాయె. సర్పంచి తిరిగి తిరిగి అర్జీలు పెట్టె. నీ నీళ్ళు లేకుంటే ఆ తూకమే రాకపోవు. దీంట్ల నా వల్ల ఎంతనో వేరే తీసి చెప్పాలంటే..."

"నీ లెక్కలు నీ ఆఫీసుల చెప్పుకో" అంది అవ్వ. "నా ఎడ్లు ఎవరి వల్ల ఉన్నయో నాకెరుక. పట్టుకో."

జిల్లాలో ఏ ప్రశ్నకైనా రెండు అంకెల నడుమ జవాబు చెప్పగలిగిన మనిషి, ఆ లెక్కను సగంలోనే వదిలేసి, రెండు చేతులూ చాపి మూట పట్టుకున్నాడు.